ఒక్క బాణం, వెయ్యి కాపీలు

నేను ఒక కోడ్ లైనుని. ఒంటి వరుస ప్రాణిని. గణితం చేసే ఒక కంప్యూటరు భాషలో, ఎవరో కీబోర్డు మీద టకటకమని కొడితే పుట్టాను. నా పని వెక్టర్ల జాబితా తయారుచేయడం. పాఠ్యపుస్తకాల్లో వాటిని సదిశలు అంటారట; ఆ మాట పరీక్ష పేపర్లో తప్ప ఎవరి నోటా రాగా వినలేదు. వెక్టరంటే బాణం అనుకోండి. ఎటు చూస్తోంది, ఎంత పొడుగుంది, అంతే దాని బతుకు. మూడు సంఖ్యలు చెబితే ఒక బాణం తయారు. అవి కుప్పలుగా కావాలంటే నన్ను పిలుస్తారు. మనుషుల గురించి మంచి మాటలు విందామని వచ్చినవాళ్లు ఇక్కడే లేచి వెళ్లిపోవచ్చు. నా దగ్గర అవి పెద్దగా లేవు.

నన్ను మొదట రాసింది జలజ. తెలంగాణలో ఒక యూనివర్సిటీలో, గణిత విభాగంలో పరిశోధన చేస్తుండేది. పేరెందుకు లెండి, ఆ యూనివర్సిటీకి ఉన్న పరువు చాలు. ఆమె గైడు ప్రొఫెసర్ గంగాధర్. ఆయనకొక సూత్రం ఉండేది. ఏ దిక్కుకు బాణం వేసినా దాని నీడ ఫలానా హద్దు దాటదన్నది ఆ సూత్రం. నిరూపణ లేదు, నమ్మకం మాత్రం దండిగా ఉంది. అన్ని దిక్కులకూ బాణాలు వేసి దాన్ని పరీక్షించే చాకిరీ జలజ నెత్తిన పడింది.

అప్పుడు నేను ఒంటి లైనును కాదు, చాంతాడంత ఉండేదాన్ని. ఒక చుట్టు తిరుగు, మూడు కొత్త సంఖ్యలు ఏవో తియ్యి, బాణం చెయ్యి, జాబితా చివర పెట్టు, మళ్లీ తిరుగు, మళ్లీ కొత్తవి తియ్యి. ఇలా వెయ్యిసార్లు. చూడ్డానికి వికారంగా ఉండేదాన్ని, ఒప్పుకుంటాను. కానీ కడుపులో కల్మషం లేదు. నేను చేసిన బాణాలన్నీ ఒకే చుక్క దగ్గర గుచ్చి గీస్తే తెర మీద ఉమ్మెత్తకాయలా ముళ్లు ముళ్లుగా వచ్చేది. ఆ ముళ్లలో కొన్ని సార్ గీసిన హద్దును దాటేశాయి. వాటికి ఎరుపు రంగు వేసుకుని, పిచ్చి పిల్ల, సంతోషంగా సార్‌కు చూపించబోయింది.

ఆ ల్యాబులో ఒక దిక్కుమాలిన ఆచారం ఉండేది. ఎవరి ప్రోగ్రామైనా ఒక్క లైను దాటిందా, వాళ్లు లేచి నిలబడి దాన్ని మొదటినుంచి చివరిదాకా గట్టిగా చదవాలి. మిగతా స్కాలర్లు వినాలి. సార్ నవ్వితే నవ్వాలి. పొట్టిగా రాసేవాడికే బుర్ర ఉన్నట్టని ఆయన సిద్ధాంతం. జలజ నిలబడి నన్ను చదివింది. సగానికి రాకముందే సార్ చెయ్యెత్తాడు.

"ఏందమ్మా ఇది, బతుకమ్మ పాటనా? ఎంతకూ ఒడుస్తలేదు!"

ల్యాబంతా ఘొల్లుమంది. జలజ ముఖం కందగడ్డలా అయింది.

"సార్, కొన్ని దిక్కులల్ల నీడ హద్దు దాటుతుంది సార్. ఎర్రగ ఉన్నయి చూడుండ్రి."

"సూత్రం తప్పు గాదు, నీ రాత తప్పు. జరుగు, కుర్చీ ఇయ్యి."

ఆయన కూర్చుని నన్ను కోశాడు. చుట్టు తీసేశాడు, మెట్లు తీసేశాడు. చివరికి మిగిలింది ఇది: ఏదో ఒక బాణం తియ్యి, దానికి వెయ్యి కాపీలు పెట్టు. కాపీ పెట్టిన ప్రతిసారీ యంత్రం కొత్త బాణం తీస్తుందని ఆయన అనుకున్నాడు. యంత్రానికి అంత ఓపికెక్కడిది? 'బాణం తియ్యి' అన్న మాటను ముందు ఒక్కసారే లెక్కకట్టి, వచ్చిన బాణాన్నే వెయ్యిసార్లు పరిచేసింది. ఊరంతా ఓటేశారని ఒక్కడి వేలికే వెయ్యి చుక్కలు పెట్టినట్టు. ఆ ఒక్క బాణం నీడ హద్దులోనే ఉంది. కాబట్టి వెయ్యీ హద్దులోనే ఉన్నాయి.

"చూసినవా? వెయ్యికి వెయ్యి! ఒక్క లైను, ఒక్క తప్పు లేదు."

"సూపర్ సార్," అన్నారు స్కాలర్లు అందరూ, ఒకే గొంతుతో. నేను చేసిన జాబితాకూ ఆ ల్యాబుకూ నాకేమీ తేడా కనిపించలేదు.

జలజ మాత్రం ఒక పని చేసింది. నా పాత ఒంటిని పారెయ్యలేదు. యంత్రం చదవకుండా దాటిపోయేందుకు చుట్టూ పెట్టే గుర్తులుంటాయి, కామెంట్ అంటారు. ఆ గుర్తుల మధ్య నా కిందే దాన్ని పడుకోబెట్టింది. మర్నాడు నేను చేసిన వెయ్యి బాణాలనూ గీసి చూసింది. తెర మీద ఉమ్మెత్తకాయ లేదు. ఒంటరిగా ఒక్క బాణం ఉంది. పరుగున సార్ గదికి వెళ్లింది.

"సార్, ఆ లైనుల ఉన్నది ఒక్కటే వెక్టర్ సార్. పటం గీసిన. ఒక్కసారి వచ్చి చూడుండ్రి సార్."

ఆయన తలెత్తలేదు. "పటాలు చిన్నపిల్లలకు. వచ్చే వారమే నీ సెమినార్, యాదికున్నదా? నా సంతకం లేకుంటే నీ థీసిస్ ఈ గడప దాటది. గడువు తీరినంక ఇంటికాడ కూసోని బాణాలు లెక్కవెట్టుకో."

అదీ సంగతి. ఆ సెమినార్ గట్టెక్కకపోతే ఆమె రిజిస్ట్రేషన్ పోతుంది, ఆరేళ్ల చదువు బూడిదలో పోసిన పన్నీరవుతుంది. నోరు మూసుకుంటే డాక్టరేట్ వస్తుంది, అబద్ధం మీద. ఆ వారమంతా ఆమె ఫైలు తెరవడం, నన్ను చూడడం, పళ్లు కొరకడం, మూసేయడం. నన్ను చూసి పళ్లు కొరకడమెందుకమ్మా, నేనేం చేశాను? చెప్పింది చేశాను. చెప్పినవాడి మీద కొరుకు.

సెమినార్‌కు హైదరాబాద్ నుంచి వసుంధర మేడం వచ్చింది, బయటి నిపుణురాలిగా. జలజ ఫలితం చూపించింది. వెయ్యికి వెయ్యి. గంగాధర్ సార్ ముందు వరుసలో మీసం సవరించుకున్నాడు. మేడం కళ్లజోడు తీసి తుడుచుకుంటూ అంది, "ఏ పరీక్షలోనైనా వందశాతం వస్తే నాకు భయమేస్తుందమ్మా. ఆ వెక్టర్లు ఒకసారి గీసి చూపిస్తావా?"

"టైం లేదు మేడం, తర్వాత చూద్దాం," అన్నాడు సార్, గబుక్కున లేచి.

జలజ ఆయన వైపు చూసింది. తర్వాత గీసింది. ఇంత పెద్ద తెర మీద ఒక్క బాణం. హాల్లో గుసగుసలు.

"నేను మొదటినుంచి చెప్తనే ఉన్న మేడం," అన్నాడు సార్, తడుముకోకుండా. "ఈ పిల్లకు ప్రోగ్రామింగ్ రాదు. అది ఆమెనే రాసింది. నేను చూడనే లేదు."

ఓరి నీ నోట్లో మన్ను పడ! అబద్ధాన్ని కూడా ఒక్క లైనులో ఆడేశాడు. నాకే ఒళ్లు మండింది, ఒళ్లంటూ ఉంటే. జలజ తెర పక్కకు వచ్చి నిలబడింది.

"మా ల్యాబుల ఒక పద్ధతున్నది మేడం. నిలబడి చదువుతం," అంది. నన్ను చదివింది, ల్యాబులో చదివినట్టే, గట్టిగా. "ఏదో ఒక బాణం తియ్యి. దానికి వెయ్యి కాపీలు పెట్టు. అయిపోయింది మేడం, ఇంతే. ఇది సార్ రాసింది." స్కాలర్ల వైపు తిరిగింది. "ఆ రోజు అందరు నవ్విన్రు గద. ఈ లైను ఎవరు కొట్టిన్రో మీరే చెప్పుండ్రి."

అందరి చూపులూ ఒకే దిక్కుకు, నేలకేసి.

జలజ కామెంట్ గుర్తులు చెరిపి నా పాత ఒంటిని లేపి నడిపింది. ఉమ్మెత్తకాయ విచ్చుకుంది, ఎర్ర ముళ్లతో సహా.

"ఆ ఎర్రవేమిటి?" అంది మేడం.

"సూత్రం తప్పిన చోట్లు మేడం. ఇవి చూపించినందుకే ఆ రోజు నన్ను నిలబెట్టిన్రు."

మేడం తెర దగ్గరికి వెళ్లి ఒక ఎర్ర ముల్లు మీద వేలు పెట్టింది. "పిచ్చిదానా, ఇదే కదమ్మా నీ థీసిస్."

గంగాధర్ సార్ సంతకం పెట్టనని లేచిపోయాడు. యూనివర్సిటీ కమిటీలు వేసింది, జలజను ఏడాదిపాటు ఆ గదికీ ఈ గదికీ తిప్పింది, చివరికి గడువు పెంచి వేరే గైడును ఇచ్చింది. ఎర్ర ముళ్ల మీదే ఆమెకు డాక్టరేట్ వచ్చింది. సార్‌కు ఏమీ కాలేదు, పైగా విభాగాధిపతి అయ్యాడు. ఇందుకే మనుషులంటే నాకు మంట.

ఇప్పుడు నేను రెండు చోట్ల ఉన్నాను, కోడుకు ఆ శాపం ఉంది. జలజ ఒక కాలేజీలో పాఠాలు చెబుతోంది. ఆమె ఫైల్లో కామెంట్ గుర్తుల మధ్య ఉండేది ఇప్పుడు నేనే, పక్షవాతం వచ్చినట్టు. మొన్న ఒకమ్మాయి, "మేడం, ఈ లైను పని చేస్తలేదు గద, తీసేయాల్నా?" అని అడిగింది. "ఉండనియ్యి. ముందు గట్టిగ చదువు," అంది జలజ. ఆ పిల్ల చదువుతూ సగంలో ఆగి, "అయ్యో మేడం, ఒక్కదాన్నే కాపీ కొడుతుంది ఇది!" అంది. ఏటా ఇదే తంతు. నా పరువు తీయడమే ఆమె సిలబస్.

అక్కడ గంగాధర్ సార్ కంప్యూటర్లో మాత్రం దర్జాగా నడుస్తున్నాను. తలుపు వేసుకుని నన్ను పిలుస్తాడు. నేను ఒక బాణం తీసి వెయ్యిసార్లు పరుస్తాను. వెయ్యికి వెయ్యి. ఆయన ముఖం వెలిగిపోతుంది. పటం మాత్రం ఈ రోజుకీ గీయలేదు.