మనిషిని కొలిచే వడ్రంగి

విల్ఫ్రెడ్ ఆక్రాయిడ్ పడగ్గదిలో, పొగగొట్టం గోడ పక్కన ఖాళీగా ఓ మూల ఉంది. అందులో ఇమిడేలా బీరువా చేయించమని అతని భార్య ఎనిడ్ ముప్ఫై ఏళ్లు అడిగింది. అతను ముప్ఫై ఏళ్లూ "వచ్చే ఏడు చూద్దాంలే" అన్నాడు. మార్చిలో ఎనిడ్ పోయింది. సెప్టెంబరులో ఈయనగారు వడ్రంగుల కోసం వెతకడం మొదలుపెట్టాడు. ఇంత తొందర మనిషి హాలిఫాక్స్ ఊరంతా గాలించినా దొరకడు.

ఇలాంటి పనికి ముగ్గుర్ని పిలిచి చూడటం అక్కడి పద్ధతి. మొదటివాడు తెల్లటి బీరువాల బొమ్మలు చూపించి, టీ ముట్టకుండా పావుగంటలో వెళ్లిపోయాడు. రెండోవాడు గోడ పైకి పోయేకొద్దీ వంకర తిరిగిందనీ, ఆ సందుల్ని చెక్కపట్టీలు కొట్టి కప్పేస్తాననీ అన్నాడు. ఎవరి కోసమంటే ఇద్దరితోనూ విల్ఫ్రెడ్ "మా ఇద్దరికీ" అనే చెప్పాడు. అబద్ధమాడాలని కాదు, నలభై ఆరేళ్లుగా నోటికి అలవాటైన మాట. వాళ్లు రాసుకుని పోయారు.

మూడో మనిషి జనీన్ సగ్డెన్. నలభై దాటిన ఆడమనిషి, చొక్కా నిండా రంపప్పొట్టు. రాగానే ఓ అట్టముక్క గోడకి ఆనించి, గోడ ఎలా వంగితే అలా పెన్సిలుతో గీసుకుంది.

"వంకర కప్పెడితే ఎప్పటికైనా బయటపడుతుంది పెద్దాయనా. నేను చెక్కనే గోడలాగా కోస్తా" అంది. టీ తాగింది, అడక్కుండానే రెండో బిస్కెట్టు కూడా తీసుకుంది. "ఇంతకీ ఎవరి బట్టలు?"

"మా ఇద్దరివీ."

"అయితే ఆవిణ్ణి పిలవండి. చెయ్యి ఎంత ఎత్తు అందుతుందో కొలవాలి. మనిషిని చూడకుండా నేను అర కొట్టను."

విల్ఫ్రెడ్ బిస్కెట్ల పళ్లెం ఆమె వైపు జరిపాడు. "స్కార్‌బరోలో చెల్లెలింటికి వెళ్లింది."

"ఫరవాలేదు. గురువారం వస్తా, ఉండమనండి."

రెండోవాణ్ణి పిలిస్తే ఏ గొడవా ఉండదు. ఏదో ఒక ఎత్తులో అర బిగించి పోతాడు, ఎవర్నీ పిలవమనడు. విల్ఫ్రెడ్ రెండుసార్లు ఫోను తీసి మళ్లీ పెట్టేశాడు. ఆర్నెల్లుగా పక్కింటివాళ్లు ఎనిడ్ పేరెత్తకుండా వాన గురించే మాట్లాడుతున్నారు. ఆవిణ్ణి పిలవమన్నది ఈ జనీన్ ఒక్కతే. బీరువా జనీనే చెయ్యాలంటే నిజం చెప్పాలి. చెప్పేస్తే ఎనిడ్ ఇక నిజంగానే లేనట్టు. అతని భయం అదే.

గురువారం బల్ల మీద మూడు కప్పులు పెట్టాడు. కాసేపు చూసి ఒకటి తీసి లోపల పెట్టేశాడు.

"ఆవిడ రాదమ్మాయ్" అన్నాడు తలుపు తీస్తూనే. "మార్చిలో పోయింది."

ఆ మాట తన నోటితో పైకి అనడం అదే మొదటిసారి. జనీన్ తడి కోటుతోనే మెట్ల మీద కూర్చుంది.

"మరి స్కార్‌బరో?"

"అసలు మా ఆవిడకి చెల్లెలే లేదు."

ఆమెకి నవ్వొచ్చింది, అతనికీ వచ్చింది.

"సరే, మీ చెయ్యే కొలుద్దాం. పైకెత్తండి" అంది పడగ్గదిలోకి వచ్చాక.

ఎడమ భుజం పట్టేసి ఏడాదైంది, ఎత్తబోతే సగంలోనే ఆగిపోయింది. జనీన్ అతని మణికట్టు పట్టుకుని మెల్లగా పైకి లేపింది. "నొప్పి పుడితే చెప్పండి." ఆ చెయ్యి మొరటుగా, వెచ్చగా ఉంది. అంత్యక్రియల రోజు కరచాలనాల తర్వాత ఇంకో మనిషి చెయ్యి అతనికి తగల్లేదు. నొప్పి పుట్టింది, అతను చెప్పలేదు.

"ఐదడుగుల మూడంగుళాలు. మీ అర ఇక్కడ" అని గోడ మీద గీత గీసి, టేపు చుట్టేసింది.

"ఇంకోసారి చూడమ్మాయ్" అన్నాడు విల్ఫ్రెడ్. "సరిగ్గా చాపలేదేమో."

సరిగ్గానే చాపాడు. అది ఇద్దరికీ తెలుసు.

"పట్టేసిన భుజం కదా, రెండు మూడుసార్లు కొలవాల్సిందే" అంటూ జనీన్ మళ్లీ అతని మణికట్టు పట్టుకుంది.