సిక్ రూమ్ తిరుమలమ్మాళ్

ఉతికిన దుప్పటిని మంచం మీద పరిచి, అంచులు పరుపు కిందికి దోపి, తిరుమలమ్మాళ్ నడుము మీద చెయ్యి వేసుకుని నిలబడింది. పొద్దున ఆరింటి షిఫ్టు మొదలై మూడు గంటలైంది. గోడ అవతల స్పిన్నింగు ఫ్రేముల హోరు సాగుతూనే ఉంది. ఇరవై తొమ్మిదేళ్లుగా విన్న చెవులకు ఆ హోరు ఆగితేనే తెలుస్తుంది. తలుపు సందులోంచి దూరి మూలల్లో పేరుకున్న దూది నూగును ఆమె తడిగుడ్డతో తుడిచింది. గుడ్డ పిండి కిటికీ ఊచకు ఆరేసింది.

యాభై ఏడేళ్ల మనిషి, పొట్టి. కుడి మోకాలు బయటికి వంగిపోవడంతో నడుస్తుంటే ఒక పక్కకు ఒరుగుతుంది. తెగిన దారాలను అతికి అతికి వేళ్ల చివర పడ్డ సన్నని గీతలు ఇంకా చెరగలేదు. గొంతు మాత్రం పెద్దది. యంత్రాల మధ్య అరిచి మాట్లాడిన అలవాటు సిక్ రూములోకి కూడా వెంట వచ్చింది. భర్త అయ్యసామి పోయి తొమ్మిదేళ్లు. కూతురు ఆనంది మేలూరులో కాపురం ఉంటోంది. తాను మాత్రం మిల్లుకు రెండు స్టాపుల దూరంలో, ఆ తమిళ ఊళ్లో ఇప్పటికీ ఇంట్లో తెలుగే మాట్లాడుకునే వీధిలో, ఒకే గది ఇంట్లో ఉంటుంది.

మిల్లుకు నర్సు జెబమలర్ వారానికి రెండు రోజులే వస్తుంది. మిగతా రోజుల్లో ఫోన్ చేసి అడగాలి. తెల్ల డబ్బాలో ఉండే మందులు కొన్నే. ఎక్కువగా ఖర్చయ్యేది నెలసరి నొప్పికి ఇచ్చే మాత్ర. నొప్పిని తగ్గించే మందు, లోపలి కండరాల బిగువు వదిలించే మందు, రెండూ కలిసి ఒక్క మాత్రలో ఉంటాయి. మిల్లు డాక్టరు దాన్ని ఎలా ఇవ్వాలో ఇంగ్లీషులో రాసి పెట్టాడు. తిరుమలమ్మాళ్‌కు ఇంగ్లీషు రాదు. తమిళం కూడబలుక్కుని చదువుతుంది. నర్సు చెబితే అంతా కంఠతా పట్టింది. తిన్నాకే ఇవ్వాలి. ఒకటే ఇవ్వాలి. ఎనిమిది గంటలు కాకుండా రెండోది ఇవ్వకూడదు. వేరే నొప్పి మాత్ర మింగి ఉంటే అసలు ఇవ్వకూడదు. కడుపులో పుండో, మూత్రపిండాల జబ్బో ఉన్నవాళ్ల జోలికి దాన్ని పోనివ్వకూడదు. తెలియని కొత్త నొప్పి అయితే డాక్టరు చూడాల్సిందే.

అందుకే ఎవరు వచ్చినా ముందు "తింటివా?" అని అడుగుతుంది. హాస్టల్ అమ్మాయిలు ఆమె వెనక "తింటివా అత్త" అని నవ్వుకుంటారు. ఆ సంగతి ఆమెకు తెలుసు.

తొమ్మిదీ పదికి ఇందుజ వచ్చింది. పంతొమ్మిదేళ్లు. ఊరు కంబం దగ్గర. టోపీ కింద జుట్టు చెమటకు అతుక్కుపోయింది. పొట్ట మీద చెయ్యి ఉంది.

"అత్తా, ఒక మాత్ర ఇయ్యి."

"ఏమి పాపా, ఎక్కడ నొప్పి?"

"పీరియడ్స్ తాన్, వేరే ఏమీ లేదు. బొడ్డుకాడ పీకతా ఉండాది."

"తింటివా?"

"ఇంకా లేదు."

"వేరే మాత్ర ఏమన్నా మింగితివా?"

"లేదు అత్తా."

తిరుమలమ్మాళ్ తన టిఫిన్ డబ్బా తెరిచి రెండు ఇడ్లీలు చేతిలో పెట్టింది. ఇందుజ ఒకటి తిని, రెండోది బలవంతంగా మింగింది. జెబమలర్‌కు ఫోన్ చేసి చెప్పి, ఆమె సరేనన్నాక ఒక మాత్ర, గ్లాసు నిండా నీళ్లు ఇచ్చింది.

"పండుకో. దీనికి తల తిరగతాది, నోరు ఎండతాది, కండ్లు మసక పడతాయి. ఫ్రేము కాడికి పోవద్దు."

"సూపర్‌వైజర్ అరుస్తాడు అత్తా."

"అరవనీ. నేను చెప్పుకుంటాను."

పదిన్నరకు సూపర్‌వైజర్ మణిమారన్ తలుపు దగ్గరికి వచ్చాడు. చెడ్డవాడు కాదు. అతని మీద అరిచేవాళ్లు వేరే ఉన్నారు, అంతే. రెండు ఫ్రేములు ఆగి ఉన్నాయని తమిళంలో చెప్పాడు. అమ్మాయి నిద్రపోతోందని తిరుమలమ్మాళ్ కూడా తమిళంలోనే చెప్పింది. అతను గడియారం చూసుకుని వెళ్లిపోయాడు.

పన్నెండు దాటాక ఇందుజ లేచి బకెట్లో వాంతి చేసుకుంది. తిరుమలమ్మాళ్ నుదురు పట్టి చూస్తే కాలుతోంది. నొప్పి ఎక్కడని అడిగితే ఈసారి అమ్మాయి వేలు బొడ్డు దగ్గర ఆగలేదు. కిందికి, కుడి పక్కకు జారింది. కాలు చాపమంటే చాపలేకపోయింది.

అప్పుడే మణిమారన్ మళ్లీ వచ్చాడు. "ఇంకొకటి ఇచ్చి పంపించమ్మా. పొద్దున ఇచ్చింది చాలలేదేమో."

"ఇయ్యను."

"ఒక్కటే కదా."

"ఇస్తే నొప్పి అణగతాది. లోపల ఉండేది అణగదు. ఆసుపత్రికి తీసుకుపోవాలి సార్, బండి పిలిపించండి." కంగారులో ఆమె సగం తెలుగులోనే చెప్పింది. అతనికి అర్థమైంది.

మిల్లు వ్యాను సరుకుతో పొల్లాచ్చి వెళ్లింది. మేనేజరును అడగాలన్నాడు మణిమారన్. అతను అడిగే లోపల తిరుమలమ్మాళ్ వంగిన మోకాలితోనే గేటు దాటి, రోడ్డు మీదికి వెళ్లి చెయ్యెత్తి ఆటో ఆపింది. అమ్మాయిని ఎక్కించి, ఆటోలో కూర్చున్నాకే జెబమలర్‌కు ఫోన్ చేసింది. "నోటికి ఏమీ ఇయ్యద్దక్కా, నీళ్లు కూడా" అని నర్సు గట్టిగా చెప్పింది.

ఆసుపత్రిలో అమ్మాయిని లోపలికి తీసుకుపోయిన తర్వాత తిరుమలమ్మాళ్ వరండాలో బల్ల మీద కూర్చుంది. అలాంటి బల్లల మీద ఆమె ఇదివరకు కూర్చుంది. ముప్పై ఏళ్ల వయసులో ఫ్రేముల దగ్గర పనిచేసేది. నెలనెలా ఇదే మాత్రను ఖాళీ కడుపున టీతో మింగి ఎనిమిది గంటలు నిలబడేది. మోకాళ్లు నొప్పెడితే అంగడిలో ఇంకో రకం కొని, రెండూ కలిపి మింగేది. అలా పన్నెండేళ్లు గడిచాయి. ఒకరోజు షిఫ్టు మధ్యలో కాఫీ పొడిలాంటిది కక్కుకుని పడిపోయింది. కడుపులో పుండు పడి నెత్తురు కారిందన్నారు. మూడు సీసాల నెత్తురు ఎక్కించారు. మిల్లుకు తిరిగి వచ్చినప్పుడు కామెర్లు అని చెప్పింది. పుండు అంటే పనికి పనికిరాదంటారని భయం. ఆ తర్వాత మోకాలు పూర్తిగా పోయాక సిక్ రూములో వేశారు. అసలు జబ్బేమిటో అయ్యసామికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

మూడింటికి డాక్టరు బయటికి వచ్చాడు. అపెండిక్స్ చీముపట్టి ఉబ్బి ఉందని, ఇంకో పూట ఆగితే పగిలేదని, ఆపరేషన్ బాగా జరిగిందని చెప్పాడు. ఆమె రెండు చేతులూ జోడించింది.

ఏడింటికి కంబం బస్సు దిగి ఇందుజ తండ్రి గోపాలసామి వచ్చాడు. చొక్కా నిండా అరటి జిగురు మరకలు. ఫోన్ అందగానే తోటలో పని మధ్యలోనే బయలుదేరినట్టున్నాడు. కూతుర్ని చూసి వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"ఇంగ పంపించను అక్కా. గంజో నీళ్లో నా కాడనే తాగనీ."

"సరి అన్నా."

"దాని పెట్టె మాత్రం తెచ్చి ఇస్తారా?"

మర్నాడు షిఫ్టుకు ముందే తిరుమలమ్మాళ్ హాస్టలుకు వెళ్లింది. ఇందుజతో పాటు గదిలో ఉండే జోతిమణి బట్టలు మడిచి పెట్టెలో సర్దుతోంది. తిరుమలమ్మాళ్ దిండుకున్న గలీబు లాగింది. లోపలి నుంచి మాత్రల స్ట్రిప్పు ఒకటి పరుపు మీద పడింది. కంపెనీ వేరు, మాత్ర అదే. చూడగానే గుర్తుపట్టింది.

జోతిమణి మడుస్తున్న చీరను అలాగే పట్టుకుని ఉండిపోయింది.

"నిన్న మింగిందా?" అని అడిగింది తిరుమలమ్మాళ్.

"తెల్లారి అయిదు గంటలకు రెండు. ముందురోజు రాత్రి ఒకటి."

"నన్ను చూసి లేదు అనిందే పాపా. నేను ఇంకొకటి ఇస్తినే."

"చెప్తే మీరు ఇయ్యరు కద అత్తా. పండుకోమంటారు. పండుకుంటే ఆ దినం కూలి పోతాది. అందుకే అందరూ గేటుకాడ అంగడిలో కొంటాము." జోతిమణి గొంతు తగ్గించింది. "ఇందుజ ఒకటే కాదు."

తిరుమలమ్మాళ్ మంచం మీద కూర్చుంది. నాలుగు మాత్రలు. వాటి కింద అణగి ఆ నొప్పి మధ్యాహ్నం వరకూ బొడ్డుకాడ పీకుతున్నట్టు మాత్రమే తెలిసింది. ఆమె ప్రతి ప్రశ్నా అడిగింది. జవాబు చెప్పడానికి ఎందుకు భయమో మాత్రం ఎన్నడూ అడగలేదు.

"నాకు కామాల వచ్చిందని విన్నావు కదా," అంది చివరికి.

"వింటిని. నేను చేరక ముందు."

"కామాల కాదు. ఈ మాత్రనే. పన్నెండేండ్లు వట్టి కడుపులో మింగితిని, నెత్తురు కక్కితిని. పని పోతాదని అబద్ధం చెప్పితిని."

జోతిమణి చీర పక్కన పెట్టి ఆమె దగ్గర కూర్చుంది.

"మింగి ఉంటే మింగినామని చెప్పండి," అంది తిరుమలమ్మాళ్. "మణిమారన్ సార్‌తో నేను పడతాను. మీరు నా కాడ మాత్రం దాచొద్దు. అందరికీ చెప్పు."

"మీ సంగతి కూడా చెప్పనా?"

ఆమె పరుపు మీది స్ట్రిప్పు తీసి కొంగున ముడేసుకుంది. "చెప్పు."

నాలుగో రోజు ఉదయం గోపాలసామి కూతుర్ని, పెట్టెను తీసుకుని కంబం బస్సు ఎక్కాడు. పోయేముందు మిల్లుకు ఫోన్ చేశాడు. అప్పుడు ఒక అమ్మాయి వాంతి చేసుకుంటుంటే తిరుమలమ్మాళ్ తల పట్టుకుని ఉంది. తర్వాత మాట్లాడతానని చెప్పమంది. సందు దొరికి చూసేసరికి బస్సు కదిలిపోయి గంటన్నర అయింది.

ఇందుజ దిండులో దొరికిన స్ట్రిప్పు సిక్ రూములో మేజా మీద ఉంది. పారెయ్యమని జెబమలర్ రెండుసార్లు చెప్పింది. పది గూళ్లలో ఎనిమిది చిరిగి ఖాళీగా ఉన్నాయి. ఇంకొకటి తియ్యబోయి ఆగినట్టు, వెండి రేకు మీద గోటితో గట్టిగా నొక్కిన గుర్తు తొమ్మిదో గూటి దగ్గర ఉంది, కానీ రేకు చిరగలేదు, మాత్ర లోపలే ఉంది.