తలుపు దిక్కు చూసిన ఎల్లవ్వ

పొద్దటి షిఫ్టు దిగి భేస్తాన్ పేటలోని ఇంటికి వచ్చేసరికి సదానందం జుట్టు మీద, కనుబొమల మీద నూలు నుసి తెల్లగా పట్టి ఉండేది. కరుణ మొగుణ్ణి గడప బయటే నిలబెట్టి పాత తువ్వాలతో దులిపేది. ఆయన లోపల కాలు పెట్టగానే గోడ మీది ఫోటోల్లో ఉన్నవాళ్లు మెల్లగా తలలు తిప్పి ఆయన వైపు చూసేవారు. బుగ్గన వేలు పెట్టుకున్న కూతురు చూసేది, తాపీ నది ఒడ్డున నవ్వుతూ నిలబడ్డ స్నేహితుడు నరహరి చూసేవాడు.

సదానందం తీసిన ఫోటోల తీరే అంత. ఆయన ఎవరింటికి పోతే ఆ ఇంట్లో ఆయన తీసిన మనుషులు ఆయన దిక్కు తిరుగుతారు. గల్లీలో ఇది అందరికీ తెలిసిందే. పక్కింటి పోశమ్మ అయితే, చనిపోయిన భర్త లస్మయ్య ఫ్రేములోంచి తల తిప్పడం చూసి, "సదానందం వస్తున్నట్టున్నడు, చాయ్ పెట్టు" అని కోడలికి చెప్పేది.

వారమంతా మరమగ్గాలు బాగుచేయడం, ఆదివారం కెమెరా పట్టుకుని తిరగడం. పెళ్లికి ముందు నుంచీ ఆయనకు అదే అలవాటు. తోడు నరహరి. ఇద్దరూ ఒకే ఊరి నుంచి ఇక్కడికి వలస వచ్చినవాళ్లు. నరహరి నగరానికి అవతలి కొసన అమ్రోలిలో ఉంటూ కంప్యూటర్ మీద చీరల డిజైన్లు గీస్తాడు. సదానందం తల్లి ఎల్లవ్వకు అతనంటే ప్రాణం. సర్వపిండి చేసిన రోజు కరకరలాడే అంచు ముక్క విరిచి అతనికోసం దాచిపెట్టేది. కన్న కొడుకు అడిగినా పెట్టేది కాదు.

మొదటి లాక్‌డౌన్‌లో మగ్గాలన్నీ ఆగిపోయాయి. ఆ చప్పుడు లేకపోతే ఎల్లవ్వకు నిద్ర పట్టలేదు. ఒకనాడు కార్ఖానాలోకి పోయి, ఆగిన మగ్గం పక్కన స్టూలు మీద కూర్చుని, జ్వరం వచ్చిన పిల్ల నుదురు చూసినట్టు పడుగు దారాల మీద చెయ్యి వేసింది. పైనున్న చిన్న కిటికీ నుంచి వచ్చే కాస్త వెలుతురే దీపం. సదానందం ఊపిరి బిగబట్టి ఫోటో తీశాడు. తన జన్మలో అంత మంచి ఫోటో తీయలేదని ఆయనకు అప్పుడే తెలిసింది.

మరుసటి ఎండాకాలం కరోనా మళ్లీ విరుచుకుపడ్డప్పుడు దవాఖానాకు పోయిన ఎల్లవ్వ తిరిగి రాలేదు. కడసారి ముఖం కూడా ఇంటివాళ్లకు చూపించలేదు. దినాలకు ఫ్రేము కట్టించాలని సదానందం కెమెరాలోని మెమరీ కార్డు తీసి నరహరికి ఇచ్చాడు. తన దగ్గర కంప్యూటర్ లేదు.

కొన్ని రోజులకు నరహరి తల వంచుకుని వచ్చాడు. "కార్డు ఖరాబైందిర సదా. ఒక్కటి సుత రాలే" అన్నాడు. అతని ముఖం చూసి సదానందమే భుజం తట్టి ఓదార్చాడు.

తల్లిని ఆయన తీసింది ఆ ఒక్కసారే. ఇక ఆధార్ కార్డు మీది బొమ్మనే పెద్దది చేయించి గోడకు తగిలించారు. అది ఎవరో తీసిన ఫోటో. కొడుకు వచ్చినా పోయినా అందులోని ఎల్లవ్వ సూటిగా ఎదురు గోడకేసి చూసేది. సదానందం తాను అన్నం తినే చోటు మార్చుకున్నాడు. కంచం తీసుకుపోయి, అమ్మ చూపు పడే ఆ ఎదురు గోడ కింద కూర్చునేవాడు. నరహరి వచ్చినప్పుడు అతనికీ అక్కడే పీట వేసేవాడు.

ఆ రోజుల్లోనే తాపీ ఒడ్డున నవ్వే నరహరి ఫోటోలో ముఖం కిటికీ వైపు తిరిగింది. కరుణ ముందుగా చూసింది.

"ఏందయ్యా, నరహరన్న గట్ల మొఖం తిప్పుకున్నడు?"

ఫ్రేముకు చెమ్మ పట్టి ఉంటుందన్నాడు సదానందం.

ఇంతలో పాత కెమెరా పని అయిపోయింది. లెన్సు మార్చిన ప్రతిసారీ నూలు నుసి లోపలికి పోయి, ఏ ఫోటో తీసినా మచ్చలు పడుతున్నాయి. మగ్గాల పక్కన బతికేవాడికి లెన్సు ఊడదీసే పనిలేని బ్రిడ్జ్ కెమెరాయే సరి అని స్నేహితులిద్దరూ తేల్చుకున్నారు. చివరికి రెండు మిగిలాయి. రెండూ ఫోటోను వండి వార్చకుండా, పడ్డ వెలుతురును పడ్డట్టే పచ్చిగా దాచిపెట్టగలవి. ఒకదాని జూమ్ తాపీ అవతలి ఒడ్డున వాలిన కొంగ ఈకలు కూడా చూపిస్తుంది. కానీ అంత దూరం సాగేసరికి దాని లెన్సుకు వెలుతురు చాలదు. రెండోది అందులో సగం దూరం కూడా పోదు. వెలుతురును పట్టే సెన్సర్ పెద్దది గనుక మసక వెలుతురులో కూడా మనిషి ముఖాన్ని పట్టుకుంటుంది.

నరహరి మొదటిదే కొనమన్నాడు. "తియ్యడానికి చీకట్ల ఏముంటదిర? మనిషన్నంక దూరం చూడాలె."

"అవ్వను చీకట్లనే తీసిన గద" అన్నాడు సదానందం.

నరహరి చాయ్ అడుగంటా తాగి లేచిపోయాడు. సదానందం ఏదీ కొనలేదు. ఆ ఒక్క ఫోటో పోయాక కెమెరా పట్టుకుంటే చేతులు బరువెక్కేవి. ఈ పని ఇక తనది కాదేమో అనుకున్నాడు.

తరువాతి చలికాలం నేతవాళ్ల సంఘం లాక్‌డౌన్ ఫోటోల పోటీ పెట్టింది. ఒక కెమెరా దుకాణం వాళ్లు బహుమతి ఇస్తామన్నారు. సదానందం పంపడానికి ఏముంది? సంఘం హాల్లో పెట్టిన ఫోటోలు చూడటానికైనా పోదామనుకుంటే, కరోనా మళ్లీ మొదలైంది కాబట్టి ప్రదర్శన ఆపేశారని, రావద్దని నరహరి ఫోన్ చేశాడు.

ఆ ఆదివారం సంఘం హాలు ఊడ్చే పోశమ్మ ఆయాసపడుతూ వచ్చింది.

"బిడ్డా, మీ అవ్వ హాల్ల ఉన్నది. పొద్దటిసంది తలుపు దిక్కే చూస్తున్నది."

సదానందం అంగీ గుండీలు పెట్టుకుంటూనే నడిచాడు.

హాల్లో జనం మాస్కులు కట్టుకుని, కుర్చీలు ఎడం ఎడంగా వేసుకుని కూర్చున్నారు. సంఘం పెద్ద లక్ష్మీరాజం బహుమతి డబ్బాను నరహరి చేతుల్లో పెడుతున్నాడు. వెనక గోడ మీద ఎల్లవ్వ, పడుగు మీద చెయ్యి, చిన్న కిటికీ వెలుతురు. కింద కాగితం ముక్క మీద నరహరి పేరు.

సదానందం గడప దాటాడు. ఎల్లవ్వ కొడుకు ముఖం వెతికి పట్టుకుంది. ఆయన ఎడమకు జరిగితే ఎడమకు, కుడికి జరిగితే కుడికి చూసింది. హాలంతా ఒకసారి ఆమెను చూసి, తరువాత నరహరిని చూసింది. లక్ష్మీరాజం కళ్లద్దాలు తుడుచుకుని, ఆ కాగితం ముక్క పీకి జేబులో వేసుకున్నాడు. డబ్బాను కూడా నరహరి చేతుల్లోంచి, తిన్న కంచం తీసినంత మెల్లగా తీసుకున్నాడు.

"సదా, గీ కెమెరా నీకేర. నువ్వు కొనేటట్టు లేవని..." అన్నాడు నరహరి.

"కెమెరా ముచ్చట కాదుర. ఇన్ని దినాలు నేను ఎదురు గోడకు కూసోని తిన్న. నువ్వు నా పక్కన కూసోని చూసినవు."

నరహరి చూపు నేల మీదికి దిగిపోయింది.

లక్ష్మీరాజం డబ్బా అందించాడు. డబ్బా పైన ఉన్నది దూరం చూసే కెమెరా బొమ్మే. సదానందం దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి తిరిగి ఇచ్చేశాడు.

"దూరం చూసేది నాకొద్దు పెద్దనాయన. జర చీకట్ల కనబడేది ఉంటే మార్చియ్యుమను."

దుకాణం వాళ్లు మార్చి ఇచ్చారు. సదానందం మళ్లీ ఆదివారాలు బయటికి పోతున్నాడు. ఇప్పుడు తోడెవరూ లేరు. కార్ఖానాల్లో, మూలగదుల్లో, వెలుతురు చాలని చోట్ల కూర్చున్న మనుషుల్ని తీస్తున్నాడు.

అసలైన ఎల్లవ్వ ఇంటికి వచ్చింది. సదానందం తన పాత చోటుకే కంచం తెచ్చుకున్నాడు. ఆయన ఎక్కడ కూర్చుంటే ఆమె చూపు అక్కడ. నరహరి ఫ్రేములో మాత్రం ఇప్పుడు చెవి, మెడ వెనక భాగమే కనబడుతున్నాయి. తీసేద్దామంది కరుణ. ఉండనీ అన్నాడు.

ఒకనాడు కరుణ సర్వపిండి చేసింది. ఆ వాసనకు ఎల్లవ్వ కొడుకు మీది నుంచి చూపు తీసి, మొదటిసారి, నరహరి ఫోటో దిక్కు తిరిగింది. పిలిస్తే పలుకుతాడేమో అన్నట్టు చాలాసేపు చూసింది. ఆ మెడ కదలలేదు.

సదానందం అంచు ముక్క విరిచాడు. కాసేపు చేతిలో పట్టుకున్నాడు. తరువాత తనే తిన్నాడు.