మొదటి దోసెడు

కాలిన రాగితీగను మోటారులోంచి పీకేసి, ఖాజా హుస్సేన్ కొత్త తీగను ఒక్కో చుట్టూ బొటనవేలితో నొక్కి కూర్చోబెడుతున్నాడు. వార్నిషు పట్టి గోళ్లెప్పుడో నల్లబడ్డాయి. వంగి వంగి నడుము అట్లే ఉండిపోయింది. తనకల్లు ఊరి బస్టాండు పక్కన ఆయనదొక రేకుల కొట్టు.

కదిరిలో పెద్ద దుకాణాలు వెలిసినా చుట్టుపక్కల రైతులు ఆయన్ని వదల్లేదు. మోటారు బాగుచేసి, ఇక నీ పాట్లు నువ్వు పడమనే మనిషి కాదు ఖాజా. వెంట చేనికి పోయి, బోరులోకి దింపించి, పడిన నీళ్లలో మొదటి దోసెడు తాను తాగి గానీ కదిలేవాడు కాదు. ఇంకో గ్యారంటీ ఎవరూ అడగలేదు.

బోర్లు ఎండిపోయి ఆ రైతులంతా ఒక్కొక్కరే వలస పోయారు. మిగిలింది నాగన్న; ఇప్పుడు చుడుతున్నది అతని మోటారే. దాన్ని విప్పగానే ఖాజాకు తెలిసిపోయింది. నీళ్లందక ఒట్టిగా తిరిగి కాలిన మోటారది. ఆ సంగతి చెప్పినా నాగన్న వినలేదు. నీళ్లు పడితే ఉంటామని, లేకుంటే సాయంత్రం బస్సుకు ఆలుమగలిద్దరూ బెంగళూరు పోయి కాపలా పనిలో చేరతామని చెప్పాడు. అంత ఆశ పెట్టుకున్నవాడికి కాదని ఎట్లా చెప్పేది?

మధ్యాహ్నానికి మోటారు బోరులోకి దిగింది. చేను పక్కనే ఇల్లు, గడప ముందర కట్టిన మూటలు. నాగన్న స్టార్టరు నొక్కాడు. మోటారు ఏ వంకా లేకుండా తిరిగింది. పైపు బుస్సుమని గాలి వదిలి, చారెడు బురద కక్కి ఊరుకుంది. మోటారు ఆపించి, నీళ్లు ఊరతాయేమోనని పొద్దు వాలేదాకా ఆగి ఖాజా మళ్లీ వేయించాడు. మళ్లీ గాలే.

ఆయన పైపు పక్క బండ మీద కూలబడ్డాడు. పని సరిగ్గానే చేశాడు, అయినా ఏడుపొచ్చింది.

"లెయ్ బావా, బస్సొచ్చే పొద్దాయె. నీ పనిలో తప్పేం లేదు," అన్నాడు నాగన్న.

"నీళ్లు తాగకుండ ఎట్ల పోయేదప్పా?"

నాగన్న భార్య తిప్పమ్మ ఇంట్లోకి పోయింది. దారికని కొని ఉంచుకున్న క్యాను నీళ్లు చెంబులోకి వంచుకొచ్చింది.

"దోసిలి పట్టన్నా. మా చేన్లోంచి నువ్వేపొద్దూ గొంతు తడపకుండ పోలేదు."

ఆయన పట్టాడు. ఆమె పోసింది. ఆయన తాగాడు. చెంబు కింద పెట్టి, కొంగుతో కళ్లు తుడుచుకొని, తిప్పమ్మ మూట నెత్తికెత్తుకుంది.

బస్సు మలుపు తిరిగేదాకా ఖాజా గట్టు మీదే నిలబడ్డాడు. తర్వాత వెనక్కొచ్చి స్పానర్లు సంచిలో వేసుకున్నాడు. రేపు కొట్టు తెరిచి ఎవరికోసం కూర్చోవాలో ఆయనకు తోచలేదు. తిప్పమ్మ మరిచిపోయిన చెంబు పైపు మూతి కిందే ఉంది, అడుగున ఆయన తాగగా మిగిలిన నీళ్లతో.