ఎవరూ తొయ్యని మనిషి

"చేతులు ఇంకొంచెం పైకి అంకుల్. భుజాలకి సమంగ. అట్లనే ఉండండి," అంది కంప్యూటర్ ముందు కూర్చున్న కల్యాణి.

యేసుపాదం చేతులు బారజాపి నిలబడ్డాడు. ఒంటికి అతుక్కుపోయిన నల్లటి సాగే గుడ్డ. దాని మీద కీలు కీలుకీ ఉసిరికాయంత తెల్ల బంతి. గోడలకి బిగించిన కెమెరాలు ఆ బంతుల్నే చూస్తాయట, మనిషి మొహంతో వాటికి పని లేదట. అరవైకి దగ్గరపడ్డ మనిషి, పొట్టా పిర్రలూ దాగని వేషంలో, కూతురీడు పిల్ల ముందు శిలువెక్కినట్టు నిలబడటం ఏం బాగుంటుంది? ఆ పోలిక తనకే తట్టి, తప్పనుకుని, ఒక్కసారి కళ్ళు మూసుకున్నాడు. ఒళ్ళు మాత్రం పొద్దుటినించీ మండుతూనే ఉంది.

బచేలీ కాలనీలో సాయంత్రాలు షటిల్ ఆడుకునే హాలు అది. బయటూరి కంపెనీ ఒకటి అద్దెకి తీసుకుంది. పట్టాల మీద పనికి కొత్తగా చేరేవాళ్ళ కళ్ళకి ఒక డబ్బా తగిలిస్తారు. గదిలో నిలబడినవాడికి కొండ మలుపులో నిలబడినట్టే ఉంటుంది, రైలు మీదికి వచ్చినట్టే ఉంటుంది. అలాంటి పాఠం ఒకటి తయారవుతోంది. కొండా, వానా, రైలూ అన్నీ కంప్యూటర్లోనే పుట్టాయి. మనిషి పడటం దగ్గరే చిక్కొచ్చింది. ఎన్ని లెక్కలు కట్టినా బియ్యం బస్తా జారినట్టు పడుతున్నాడట. అందుకని నిజం ట్రాక్‌మ్యాన్ ఒకడు కావాలన్నారు. గ్యాంగులో అందరికన్నా పాతవాడు యేసుపాదం.

అతను ఒప్పుకున్నది మాత్రం లచ్చు కోసం.

లచ్చు కాంట్రాక్టు కూలీ. కొండ అవతలి పల్లె వాడు. యేసుపాదం బొబ్బిలి నుంచి వచ్చి కిరండూల్ లైను మీద పనిలో కుదురుకున్న కొన్నాళ్ళకి వాడూ వచ్చాడు. ఒకరి తెలుగూ ఒకరి హల్బీ మధ్యలో హిందీ కలిపి, అదే ఒక భాష చేసుకుని ఇన్నేళ్ళు మాట్లాడుకున్నారు. పోయిన వానాకాలం మలుపు దగ్గర బోల్టులు బిగిస్తున్నారు ఇద్దరూ. కాంట్రాక్టరు ఆ రోజు ఎర్రజెండా మనిషిని పెట్టలేదు, ఒక కూలి మిగిలింది వాడికి. వాన హోరులో యేసుపాదానికి రైలు కూత వినపడలేదు. యేసుపాదం మిగిలాడు, లచ్చు పోయాడు. ఈ పాఠం ఆ రోజుదే.

ఆదివారం సంతలో లచ్చు పెళ్ళాం మాసే చింతపండు రాశి ముందు కూర్చుని ఉంది. పాఠం మొదలుపెట్టే రోజున పోయినవాడి ఇంటివాళ్ళనీ పిలుస్తామని కంపెనీ చెప్పిందట. కళ్ళకి డబ్బా పెట్టి చూపిస్తారట.

"నా మనిషిని నీ ఒంట్లో చూస్తానట కదా దాదా," అంది హల్బీలో. "వాడు ఎలా ఉండేవాడో అలాగే చెయ్యి."

ఆ మాట మోసుకునే ఇంటికెళ్ళాడు. భార్య గ్రేసీ పెట్టిన అన్నం ముందు కూర్చుని లచ్చు నడక గుర్తు తెచ్చుకున్నాడు. ఎడమ భుజం కాస్త దించి, మెడ ముందుకు పెట్టి నడిచేవాడు.

హాల్లో పొద్దున్నంతా అలాగే నడిచాడు. నున్నటి చెక్క నేల మీద కూడా అతని అడుగులు పట్టాల కింద స్లీపరు తరవాత స్లీపరు మీద పడ్డట్టే పడ్డాయి. కల్యాణి ముచ్చటపడి నవ్వింది. జగదల్‌పూర్ బట్టల కొట్టువాళ్ళ పిల్ల. నోట్లో తెలుగుకన్నా హిందీయే ఎక్కువ తిరుగుతుంది. ప్లాస్టిక్ గొట్టం ఇచ్చి గునపం అనుకోమంది, అనుకున్నాడు. బీడీ వెలిగించమంది, ఉత్త వేళ్ళతో వెలిగించాడు. అలిసిపోయినట్టు చెయ్యమంటే చెవి పక్క చెమట తుడుచుకున్నాడు.

"ఏక్‌దమ్ బాగొచ్చింది అంకుల్."

తెరమీద సన్నటి గీతల మనిషి అదే చేతితో అదే చెవి తుడుచుకున్నాడు. చూస్తే కాసేపు కోపం తగ్గింది కూడా.

మధ్యాహ్నం శ్యామ్‌ప్రసాద్ వచ్చాడు. కంపెనీ మనిషి. ఇస్త్రీ చొక్కా, తియ్యటి మాట. అతని చేతిలో ఫోను ఆకారంలో కోసిన థర్మోకోల్ ముక్క.

"ఇది చెవి దగ్గర పెట్టుకోండి. మాట్లాడుతూ వంగి ఉంటారు. రైలు చూసుకోరు. అప్పుడు పడతారు."

యేసుపాదం ఆ ముక్క వంక చూశాడు. "ఇదేటి?"

"ఫోను."

"ఆడి కాడ ఫోను నేదు."

"తెలుసండి. కానీ పాఠం అన్నాక ఒక తప్పు ఉండాలి కదా? చూసినవాడు ఏదో ఒకటి నేర్చుకోవాలి."

"జెండా మనిషి నేడని నేర్సుకోమను."

"జెండా మనిషి ఉంటాడండి. రూలు ప్రకారం ఉండాలి కదా. కంప్యూటర్లోనే చేశాం."

కల్యాణి నొక్కి చూపించింది కూడా. మలుపు దగ్గర పచ్చటి వానకోటు వేసుకుని, ఎర్రజెండా ఎత్తి పట్టుకుని, శుభ్రంగా నిలబడి ఉన్నాడు. కాంట్రాక్టరు కూలి దండగని పెట్టని మనిషిని వీళ్ళు ఊరికే పుట్టించారు. వాడు జెండా ఊపుతూనే ఉంటాడు, లచ్చు ఫోను మాట్లాడుతూనే ఉంటాడు. చూసినవాడెవడైనా ఏమంటాడు? పొగరెక్కి చచ్చాడంటాడు. మాసే కళ్ళకి డబ్బా పెట్టి ఆ ముక్కే చూపిస్తారు. యేసుపాదానికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"నిన్ననే సెప్పేను కదయ్యా. ఆడు పట్టాలు దాటేసేడు. నాకు ఇనబళ్ళేదని ఎనక్కొచ్చి నన్ను తోసేడు. అది పెట్టు."

శ్యామ్‌ప్రసాద్ ఓపిగ్గా తల ఊపాడు. చిన్నపిల్లలకి చెప్పినట్టు చెప్పాడు. ఇద్దరు మనుషులు ఒకరినొకరు తాకితే ఎవరి బంతి ఎవరిదో కెమెరాలకి తెలీదట. తోపు ఎంత బలంగా తగిలిందో లెక్క కట్టడం ఇంకా కష్టమట. ఈ పనికి కుదుర్చుకున్నది ఒక్క మనిషి పడటం వరకేనట.

"అయితే నేను ఫోను పట్టుకోను."

"ఫర్వాలేదండి, పట్టుకోవద్దు. పొద్దున చెవి దగ్గర చెమట తుడుచుకున్నారు కదా? ఆ చెయ్యి వాడుకుంటాం. అందులో ఫోను పెట్టుకోవడం మా పని."

యేసుపాదం కల్యాణి వైపు తిరిగాడు. ఆ పిల్ల తల దించుకుంది.

"అమ్మా, ఆ సెయ్యి తీసీ."

"నేను తియ్యలేను అంకుల్. తీసినయన్నీ కంపెనీవే."

"నా సెయ్యి కంపెనీదేటి?"

పై అద్దాల దగ్గర పావురం ఒకటి రెక్కలు కొట్టుకుంది. శ్యామ్‌ప్రసాద్ గడియారం చూసుకున్నాడు. యేసుపాదం పళ్ళు బిగించి నీలం చాప మీదికి నడిచాడు.

"పడాల కదా. పడతాను. తియ్యండి."

శ్యామ్‌ప్రసాద్ మొహం విప్పారింది. దారికొచ్చాడనుకున్నాడు. కల్యాణి మీట నొక్కింది.

చాప మధ్యలో యేసుపాదం వంగాడు. లేని బోల్టుకి లేని పానా తగిలించి, రెండు చేతులా బలం పెట్టి తిప్పాడు. ఒకసారి తిప్పాడు, ఇంకోసారి తిప్పాడు. ఉన్నట్టుండి వీపు విల్లులా వంగింది. తల వెనక్కి వాలిపోయింది, కాళ్ళు నేల వదిలేశాయి. మనిషి అంత దూరం ఎగిరి, రెండు అరచేతుల మీదా మోకాళ్ళ మీదా దభీమని పడ్డాడు. పడ్డవాడు వెంటనే లేవలేదు. తల మాత్రం తిప్పి, తను ఇందాక నిలబడిన చోటుని చూశాడు. అక్కడ ఏమీ లేదు.

కల్యాణి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

తెరమీద గీతల మనిషి మళ్ళీ వంగాడు, మళ్ళీ ఎగిరాడు. శ్యామ్‌ప్రసాద్ రెండుసార్లు చూసి పెదవి విరిచాడు.

"ఇది పనికిరాదండి. ఎవరూ తొయ్యకుండా మనిషి అలా ఎగిరి పడడు. అస్సలు రియలిస్టిక్‌గా లేదు."

"తోసేడు," అన్నాడు యేసుపాదం.

చాప మీదనుంచి లేచాడు.

"ఆడి సెయ్యి ఫోను మీద నేదయ్యా. నా ఈపు మీద ఉంది. మనిషిని మనిషి ముట్టుకుంటే మీ పెట్టికి అంతు సిక్కకపోతే, సిక్కనేదని సెప్పుకోండి. సిగ్గేటి నేదు. అంతేగాని సచ్చినోడి సెవికి ఫోను తగిలించీకండి."

ఆ వేషాన్ని ఒంటి మీదనుంచి ఊడబెరికాడు. బంతులు తెగి అటూ ఇటూ దొర్లాయి. సొంత బట్టలు వేసుకుని, చొక్కా బొత్తాలు పెట్టుకుంటూనే తలుపు దాటాడు. వెనకాల శ్యామ్‌ప్రసాద్ ఇంకో మనిషిని మాట్లాడమని ఎవరికో చెబుతున్నాడు. దొరుకుతాడు, పూట గడవాల్సినవాడు ఎవడో ఒకడు దొరకకపోడు. ఆ సంగతి తెలిసే యేసుపాదం ఆ సాయంత్రం కొండ దాటి మాసే ఇంటికి వెళ్ళాడు. పాఠం చూడ్డానికి ఎవరు పిలిచినా వెళ్ళొద్దని చెప్పాడు. ఎందుకో కూడా చెప్పాడు. మాసే ఒక బూతు తిట్టింది, అది ఎవరికి తగలాలో వాళ్ళకి తగలనేలేదు.

మర్నాటినుంచి అతను పనికి వెళ్ళలేదు. ఇంకా కొద్ది నెలల సర్వీసు ఉండగానే రాజీనామా కాగితం పెట్టేసి, గ్రేసీతో కలిసి పొద్దుటి పాసింజరులో బొబ్బిలి వెళ్ళిపోయాడు. సాగనంపడానికి ఎవరినీ రమ్మనలేదు.

అతను వేషం ఊడబెరికి తలుపు దాటిన ఆ మధ్యాహ్నమే, హాల్లో కల్యాణి ఒక్కతే మిగిలింది. ఇంకో మనిషి వచ్చేలోగా చాప తుడిచి పెట్టమన్నారు. గుడ్డ తీసుకుని వెళ్ళి వంగింది, తుడవలేదు. నీలం చాప మీద రెండు అరచేతుల చెమట మచ్చలు, వేళ్ళన్నీ విడివిడిగా, ఇంకా తడిగానే ఉన్నాయి.