పెళ్లికాని కోడలు

కోడలి తెల్లకోటు నానబెట్టే ముందు జేబులు తడిమి చూడడం ఆవిడకి అలవాటు. ఆ ఆదివారం ఉదయం మూతలేని పెన్ను, సగం తిన్న బిస్కెట్ పొట్లం, మడతపెట్టిన కాగితాలు రెండు దొరికాయి. ఒకటి నింపింది, ఒకటి ఖాళీది. ఆస్పత్రిలో శిక్షణ పొందుతున్న డాక్టర్లకి పనిలో తృప్తి ఉందా, మనసు ఎలా ఉంది అని అడిగే ప్రశ్నలు. చదవకూడదనుకుంటూనే చదివేసింది. తృప్తి? 'చాలా ఎక్కువ' దగ్గర టిక్కు. గత రెండు వారాల్లో ఎన్నిసార్లు ఏడుపొచ్చింది? 'ఒక్కసారీ లేదు.'

సబ్బు చేత్తోనే నిలబడిపోయింది ఆవిడ. మరి మంగళవారం స్నానాలగదిలో ఇరవై నిమిషాలు ట్యాపు ధారగా పోయాక కూడా ఆ పిల్ల తువ్వాలు పొడిగా ఎందుకుంది? నోట్లో ముద్ద పెట్టుకుని, నమలడం మర్చిపోయి గోడకేసి ఎందుకు చూస్తోంది? మొన్న ఆ మాటే కొడుకుతో అంటే, "తనే డాక్టరు కదమ్మా, తన సంగతి తనకి తెలీదా?" అన్నాడు. భర్త పేపరు దించకుండానే, "ఇంటిపట్టున ఉండేదానివి, ఉద్యోగాల ఒత్తిడి నీకేం తెలుసు?" అన్నాడు. నిజమే, ఆవిడకి తెలిసిందల్లా తువ్వాలు. ముప్పై ఏళ్ల కిందట తనూ అలాగే ట్యాపు తిప్పేది. తన తువ్వాలు ఎవరూ ముట్టుకు చూడలేదు.

"అత్తయ్యా! ఆ కాగితాలు తడపలేదు కదా? రేపు పెద్ద డాక్టరుగారికి ఇవ్వాలి!" పరుగెత్తుకొచ్చింది కోడలు.

"తడపలేదు గానీ, ఒక్క సందేహం. నీకింకా పెళ్లి కాలేదా?"

"అదేంటి?"

"ఇదిగో, 'అవివాహితులు' దగ్గర టిక్కు కొట్టావు. మరి మావాడి గదిలో మూడేళ్లుగా ఉంటున్నదెవరే?"

కోడలు కాగితం లాక్కుని చూసి పకపకా నవ్వింది. శిక్షణలో ఉన్న వాళ్ల ఆరుగురిలో సీనియర్ పెళ్లికానివాడట. సీనియర్ నింపిన కాగితం ముందు పెట్టుకుని మిగతావాళ్లూ అవే టిక్కులు కొట్టేయడం వాళ్ల విభాగంలో ఏటా జరిగేదే. నవ్వుతూ నవ్వుతూనే ఆ పిల్ల గట్టు మీద కూలబడి మోకాళ్లలో తల పెట్టుకుంది. ఆ తర్వాత వినిపించింది నవ్వు కాదు.

ఆవిడ చేతుల నురగ తుడుచుకుని పక్కన కూర్చుంది.

"నిజం రాయొచ్చు కదే."

"పేరు రాయక్కర్లేదంటారు, కానీ కాగితాలు తీసుకునేది ఆ పెద్ద డాక్టరుగారే. చివర్లో సొంత మాటల్లో రాయాలి. మా అందరి చేతిరాతా ఆయనకి కొట్టినపిండి. ఆయన సంతకం పెడితేనే మేం పరీక్షకి కూర్చునేది." ముక్కు తుడుచుకుంది. "నాకా పని ఇష్టం అత్తయ్యా. పడుకున్న పేషెంటు లేచి కూర్చుంటే నాకే ప్రాణం లేచొచ్చినట్టుంటుంది. అయినా రోజూ పొద్దున్నే ఆస్పత్రి మెట్ల దగ్గరే కాళ్లు ఆగిపోతున్నాయి."

"నా రాత ఆయనకి తెలీదుగా. నువ్వు చెప్పు, నేను రాస్తా."

"మిగతా ఐదూ గుర్తుపడితే ఆరోది నాదని తేలిపోదూ?"

ఆవిడ ఆలోచించింది. కాలేజీలో అందరూ మెచ్చుకున్న చేతిరాత, పెళ్లయ్యాక సరుకుల చీటీ దాటి పోలేదు. ఇంట్లోవాళ్లే దాన్ని సరిగ్గా చూసింది లేదు. ఇన్నాళ్లకి అదే అక్కరకొచ్చేలా ఉంది.

"అయితే ఆరుగురినీ రమ్మను. ఆరు కాగితాలూ నేనే రాస్తా. ఏది ఎవరిదో పట్టుకోమను చూద్దాం."

మిగతా ఐదుగురూ తలా ఒక ఖాళీ కాగితంతో సాయంత్రం నాలుగింటికి వస్తామన్నారు. ఈలోగా వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని, జేబులో దొరికిన ఖాళీ కాగితం మీద కోడలు చెప్పింది చెప్పినట్టు రాసింది ఆవిడ. మెట్ల సంగతి కూడా. అంతా అయ్యాక కోడలు పెన్ను తీసుకుని, పెళ్లికాని కాగితాన్ని వెనక్కి తిప్పింది.

"ఇప్పుడు మీరు చెప్పండి. మీ పనిలో మీకు తృప్తి ఉందా, అత్తయ్యా?"

హాల్లోంచి భర్త కేకేశాడు. "రెండో కాఫీ ఏమైందోయ్?"

ఆవిడ కుర్చీలోంచి సగం లేచి, మళ్లీ కూర్చుంది.

"ఇక్కడ నన్నొక మాట అడిగారండీ. నింపాదిగా ఆలోచించి చెప్పాలి. కాఫీ మీరే కలుపుకోండి."