మెడలో గడియారం లేని శనివారం

మా ఊరు జాంకియేర్‌లో అక్టోబరు రెండో సోమవారం సెలవు. ఆ ముందు శనివారం వీధి వీధంతా పెరటి ఈతకొలనులు మూసే పనిలో పడుతుంది. కొలనంటే ఎంత, నేల మీద గుండ్రంగా నిలబెట్టిన రేకు గోడ, లోపల నీలం ప్లాస్టిక్ పట్టా. ఏడాదిలో ఈదేది గట్టిగా రెండు నెలలు. ఆ రెండు నెలల కోసం జూన్‌లో బిగించి, అక్టోబరులో విప్పి చస్తాం. బుద్ధి తక్కువ జనం.

మా గిలేన్ అక్క ఇంట్లో కొలను మూసేది బావ, రేనాల్. చెయ్యి అందించేది నేను. బావ స్కూలు బస్సు నడుపుతాడు. ఇరవై రెండేళ్లుగా ఒకటే దారి, వచ్చే జూన్‌లో రిటైరవుతాడు. నా మనవరాలు ఎలోడీ ఎక్కేది కూడా ఆ బస్సే.

కొలను మూసేటప్పుడు నీళ్లు మొత్తం తీసేయకూడదు. నీళ్లను వడగట్టే పంపు కోసం గోడకున్న కంతకు జానెడు కిందికి దించి ఆపాలి. మిగిలిన నీళ్ల బరువే చలికాలమంతా గోడను నిలబెడుతుంది. అందుకని నీళ్లు తోడే మోటారు వేయగానే, గుడ్లు ఉడకబెట్టే చిన్న గడియారాన్ని గంటకు తిప్పి, తాడు కట్టి మెడలో వేసుకుంటాడు బావ. అది మోగితే నోట్లో ముద్ద ఉన్నా లేచి పరిగెడతాడు. మేం పడీ పడీ నవ్వుతాం.

ఈసారి మెడ బోసిగా ఉంది.

"ఏం బావా, నగ ఏది? అక్క గానీ తాకట్టు పెట్టిందా?" అన్నాను.

"నోర్ముయ్యి మరదలా. ఇన్నేళ్ల నుంచి మూస్తున్నా, ఇంకా అదొచ్చి చెప్పాలా నాకు?"

పంపు విప్పి నీళ్లు వంపాక, కంతలు మూసే బిరడాల డబ్బా తెరిచాను. ఒక్కో బిరడాకీ ఒక కాగితం ముక్క అంటించి ఉంది. ముందు ఇది. తర్వాత ఇది. ఇది పంపు అడుగున, మర్చిపోకు. అంతా అక్క చేతిరాత. కిందటి చలికాలం పంపులో నీళ్లు మిగిలిపోయి, గడ్డకట్టి, పంపు చీలిపోతే బావ చలిని తిట్టాడు. నేనూ ఆయనతో కలిసి చలినే తిట్టాను.

మధ్యాహ్నం బఠాణీ సూపు తాగుతూ అడిగాను. "మోటారు ఆపావా బావా?"

"ఆపాను."

వడ్డిస్తున్న అక్క చేతిలో గరిటె ఆగింది.

"నిజంగానా?"

"ఆపానన్నానా! పసిపిల్లాణ్ణా నేను? మూత నేనొక్కణ్ణే కప్పుకుంటాలే, నువ్వు పోయి నీ దుంపలు వేయించుకో."

వంతెన దగ్గర బంగాళాదుంప వేపుళ్ల కొట్టు నాది. వెళ్లిపోయాను. పెరట్లోకి పోయి చూసి రావడానికి పట్టుమని పదడుగులు కూడా లేవు. ఆ పదడుగులు వేయనందుకు నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటాను.

మర్నాడు పొద్దున అక్క ఫోను చేస్తే వెళ్లాను. కొలనులో చుక్క నీరు లేదు. రాత్రంతా నది మీంచి కొట్టిన గాలికి రేకు గోడ లోపలికి మడత పడిపోయింది. మోటారు ఉత్త గాలి లాగుతూ ఇంకా గురగురమంటోంది. బావ పెరటి మధ్యలో నిలబడి ఉన్నాడు.

"ఎవరే ఈ నీళ్లన్నీ వదిలేసింది?" అన్నాడు నన్ను చూసి.

వేళాకోళమనుకుని నవ్వబోయాను. ఆయన మొహం చూశాక నవ్వు రాలేదు. నిజంగానే అడుగుతున్నాడు.

అక్కను వంటింట్లోకి లాక్కెళ్లాను.

"ఎన్నాళ్ల నుంచే?"

"వసంతం నుంచి. జూన్ దాకా ఓర్చుకో లిజెట్, నీకు పుణ్యముంటుంది. బస్సు దగ్గర బాగానే ఉంటున్నాడు."

"బస్సులో కూడా కాగితాలు అంటించావా?"

అక్క గిన్నెలు సర్దడం మొదలుపెట్టింది.

"నిన్నేనే అడిగేది! అంటించావా లేదా?"

"ఆగే చోట్లు రాసిచ్చాను. స్టీరింగు పక్కన పెట్టుకున్నాడు."

నాకు ఒళ్లు మండిపోయింది. "ముప్పై ఎనిమిది మంది పిల్లలే! మా ఎలోడీ ఉందే అందులో!"

"అరవకు, వింటాడు."

అప్పటికే విన్నాడు. బురద బూట్లతో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అక్క తుడిచిన నేల మీదికి ఆయన బూట్లతో రావడం నేనెన్నడూ చూడలేదు. బల్ల దగ్గరికొచ్చి, జేబులోంచి బస్సు తాళంచెవి తీసి బిరడాల డబ్బాలో వేశాడు.

"ఇది పట్టుకుపో మరదలా. నేనడిగినా ఇవ్వకు."

"నువ్వు తిడితే?"

"పడు. నీకేం కొత్తా?"

ఆయన నవ్వాడు, నేనూ నవ్వాను. అక్క మాత్రం పెరట్లో ఆ రేకు గోడలా కూలబడి ఏడ్చింది. సోమవారం బస్సుల యజమానికి ఫోను చేసి, ఉన్నదంతా నేనే చెప్పాను. మర్నాటి నుంచి వేరే డ్రైవరును పంపుతానన్నాడు.

మంగళవారం పొద్దున ఆరింటికి కొట్లో పొయ్యి వెలిగిస్తున్నాను. బావ వచ్చాడు. ఒంటి మీద డ్రైవరు కోటు, చేతిలో భోజనం డబ్బా. నడిచొచ్చినట్టున్నాడు, చెవులు ఎర్రబడిపోయాయి.

"నా తాళంచెవి ఏదే? నేనే నీ చేతికిచ్చానంటోంది మీ అక్క. కట్టుకున్నదే అబద్ధాలాడితే ఎట్లా? అవతల పిల్లలు చలిలో నిలబడి ఉంటారు."

నువ్వే ఇచ్చావు బావా అనబోయాను. అంటే, ఈ సంగతీ మర్చిపోయానని ఆయనకు తెలుస్తుంది. ఇవాళ తెలుస్తుంది, రేపు మర్చిపోతాడు, ఎల్లుండి మళ్లీ తెలుస్తుంది. అన్నిసార్లు ఆయన మొహం చూడగల గుండె నాకు లేదు.

"నేనే దొంగిలించాను బావా," అన్నాను. "ఇవ్వను. ఏం చేస్తావో చేసుకో."

ఆయన భోజనం డబ్బా బల్ల మీద దబ్బున పెట్టి, వరసపెట్టి తిట్లు ఎత్తుకున్నాడు. మా వాళ్ల తిట్లన్నీ చర్చి సామాన్ల పేర్లే. పీఠం, గిన్నె, మందసం, ప్రసాదం, అన్నీ. పొయ్యి మంట తగ్గించి తలొంచుకుని విన్నాను.

ఒక్కటి కూడా మర్చిపోలేదు.